లైసెన్స్ మీద చేసిన ట్యాంక్ గన్: డ్రాయింగ్‌తో వచ్చేదెంత, మనం నేర్చుకోవాల్సిందెంత

హనుమకొండలో డిప్లొమా మెకానికల్ చదివే తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. విజయంత ట్యాంకు మీదున్న 105 మి.మీ. గన్ బ్రిటిష్ వాళ్ల ఎల్7 అని, మన దగ్గర దాన్ని లైసెన్స్ మీద చేశారని చదివాడు. స్నేహితుల్లో ఒకరేమో "డ్రాయింగ్ చేతికొచ్చినంక ఇంకేముంది, ములుగు రోడ్డు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌ల పెద్ద లేత్ ఉన్నోడు గూడ చేస్తడు" అంటున్నాడట. ఇంకొకరు "లైసెన్స్ అంటే డబ్బాల వచ్చిన ముక్కలు బిగించుడే" అంటున్నాడట. ఇద్దరిలో ఎవరిది నిజం? ఒకే గన్ ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఎందుకుంటుంది? ఏ గన్ ఎక్కడిదో చూసి గుర్తుపట్టొచ్చా? ఇవీ అతని సందేహాలు.

తమ్ముడూ, ముందు రెండో స్నేహితుడి మాట చూద్దాం. మొదటి కొన్నేళ్లకు అది నిజమే. విజయంత కోసం బ్రిటన్ వికర్స్ కంపెనీతో ఒప్పందం 1961లో కుదిరింది, నమూనా ట్యాంకులు 1963లో సిద్ధమయ్యాయి, చెన్నై దగ్గరి ఆవడి ఫ్యాక్టరీ నుంచి మొదటి ట్యాంకు 1965లో బయటికొచ్చింది. తొలి ట్యాంకుల్లో బ్రిటన్ నుంచి తెచ్చిన భాగాలే ఎక్కువ. ఆ తర్వాత మన వాటా పెరుగుతూ పోయింది. రష్యన్ ట్యాంకు టి-90 కూడా అదే దారిలో వచ్చింది. 2001 ఒప్పందంలోని 310 ట్యాంకుల్లో 124 పూర్తిగా తయారై వచ్చాయి, మిగతా 186 విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించుకున్నవి. లైసెన్స్ మీద ఆవడిలో కట్టిన వాటి మొదటి విడత 2009లో గానీ సైన్యం చేతికి రాలేదు.

అయితే ట్యాంకు లైసెన్స్ వేరు, గన్ లైసెన్స్ వేరు. విజయంత వికర్స్ డిజైను, దాని మీది ఎల్7 మాత్రం బ్రిటన్ రాయల్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీలది. ఇంజన్ ఇంకొకరిది, సైట్లు (గురి చూసే పరికరాలు) మరొకరివి. ట్యాంకు కట్టే హక్కు దొరికినంత మాత్రాన బ్యారెల్ చేసే పద్ధతి చేతికొచ్చినట్టు కాదు. చాలా దేశాలు హల్ (ట్యాంకు ఒళ్లు), టరెట్ (పైన తిరిగే గన్ గది) సొంతంగా చేసుకుంటూ కూడా గన్‌ను మాత్రం ఏళ్ల తరబడి బయటి నుంచే కొన్నాయి. ట్యాంకులో చివరగా స్వదేశీ అయ్యే భాగాల్లో బ్యారెల్ ఒకటి.

ఇక గన్ లైసెన్స్‌లో అసలు ఏం వస్తుంది? డ్రాయింగ్‌లు, మెటీరియల్ స్పెసిఫికేషన్లు, ఆపరేషన్ షీట్లు, గేజ్‌ల డ్రాయింగ్‌లు, తనిఖీ పద్ధతులు, ప్రూఫ్ ఫైరింగ్ (కొత్త గన్‌ను పేల్చి పరీక్షించడం) నియమాలు. ఒప్పందం మంచిదైతే మన మనుషులకు అక్కడ శిక్షణ, కొన్ని మాస్టర్ గేజ్‌లు కూడా వస్తాయి. ఇన్నింటిలో అన్నిటికన్నా విలువైనది ఛాంబర్ డ్రాయింగ్ అని నేను గట్టిగా నమ్ముతాను. గుండు, దాని ఇత్తడి కేసు కూర్చునే ఆ అర మీటరు పైచిలుకు భాగంలో ఒక్క కొలత కూడా ఎవరూ మార్చడానికి లేదు. అది మారితే మందుగుండు సరఫరా మొత్తం మారిపోతుంది. బ్రీచ్ (గన్ వెనక మూత భాగం), రికాయిల్ సిస్టం (పేలినప్పటి వెనక్కి తన్నుడును ఆపేది), క్రేడిల్ (గన్‌ను పట్టి ఉంచే తొడుగు), చివరికి బ్యారెల్ పొడవు కూడా ఒక్కో దేశం తన టరెట్‌కూ, తన వర్క్‌షాపుకూ తగ్గట్టు మార్చుకుంది. రెండో ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది.

పాత మీడియం ట్యాంకుల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఇటలీ వాళ్ల ఎం13/40 మీద ఉన్న 47/32 గన్ ఆస్ట్రియాకు చెందిన బోహ్లర్ డిజైను, ఇటలీలో లైసెన్స్ మీద చేశారు. మొదటి అంకె బోర్ (బ్యారెల్ లోపలి రంధ్రం) వ్యాసం, రెండోది పొడవు ఎన్ని బోర్లకు, అంటే ఎన్ని కాలిబర్లకు, సమానమో చెబుతుంది. అంటే 47ను 32తో గుణిస్తే సుమారు ఒకటిన్నర మీటర్లు. తర్వాత వచ్చిన ఎం15/42లో దీన్నే 40 కాలిబర్లకు పొడిగించి వేగం పెంచుకున్నారు. హంగరీ వాళ్ల తురాన్ ట్యాంకు స్కోడా డిజైను నుంచి పుట్టింది. దాని గన్‌ను మాత్రం 40 మి.మీ.కు మార్చుకున్నారు. హంగరీలో అప్పటికే బోఫోర్స్ 40 మి.మీ. విమాన విధ్వంసక గన్ లైసెన్స్ మీద తయారవుతోంది, దాని మందుగుండు లైను నడుస్తోంది. ఇంకో సైజు గుండుకు కొత్త లైను పెట్టడం కంటే గన్‌నే మార్చుకోవడం నయమని తేల్చుకున్నారు.

ఛాంబర్ ఎంత మొండిదో చూడాలంటే అమెరికన్ 75 మి.మీ. చరిత్ర చూడు. ఎం3 లీ, ఎం4 షెర్మన్ మీది 75 మి.మీ. గన్‌లు పేల్చింది ఫ్రెంచ్ వాళ్ల 1897 ఫీల్డ్ గన్ కేసునే. తర్వాత బ్రిటన్ తన 6-పౌండర్ గన్ బోర్‌ను పెద్దది చేసి అదే అమెరికన్ మందుగుండు పట్టేట్టు 75 మి.మీ. గన్ తయారు చేసుకుని చర్చిల్, క్రామ్‌వెల్ ట్యాంకుల మీద పెట్టింది. గన్‌లు మారాయి, దేశాలు మారాయి. కేసు మాత్రం దాదాపు అర్ధశతాబ్దం అలాగే నిలిచింది.

6-పౌండర్ దగ్గర ఇంకో సంగతి ఉంది. లేత్ మీద పని చేసేవాళ్లు దీన్ని ముఖ్యంగా గమనించాలి. దాని బోర్ 57 మి.మీ., డిజైన్ ప్రకారం పొడవు 50 కాలిబర్లు. బ్రిటన్‌లో అంత పొడవు జాబ్ పట్టే లేత్‌లు సరిపడా లేక ఉత్పత్తికి వెళ్లిన మార్క్ 2ను 43 కాలిబర్లకు కుదించారు. అంటే దాదాపు 40 సెంటీమీటర్లు తగ్గింది. అదే గన్‌ను అమెరికా 57 మి.మీ. ఎం1 పేరుతో చేసినప్పుడు వాళ్లకు పొడవైన లేత్‌లు ఉన్నాయి కాబట్టి 50 కాలిబర్లే ఉంచారు. కాగితం ఒకటే అయినా లేత్ బెడ్ పొడవును బట్టి గన్ పొడవు మారిపోయింది. ట్యాంకు రూపాల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. మార్క్ 3 పొట్టిది, మార్క్ 5 పొడవుది. కెనడా వాళ్ల రామ్ 2 ట్యాంకు మీద ముందు మొదటిది, తర్వాత రెండోది వచ్చాయి.

ఇప్పుడు ఎల్7 దగ్గరికి వద్దాం. 1956లో బుడాపెస్ట్‌లో ఒక సోవియట్ టి-54ను బ్రిటిష్ రాయబార కార్యాలయం ఆవరణలోకి నడిపించుకొచ్చారు. దాని కవచం చూశాక సెంచూరియన్ మీదున్న 84 మి.మీ. 20-పౌండర్ చాలదని తేలింది. టరెట్‌లో ఉన్న మౌంటింగ్‌లోనే ఇమిడేట్టు 105 మి.మీ. గన్ తీసుకొచ్చారు. అది సర్వీసులోకి వచ్చింది 1959లో, మన వరంగల్ ఆర్‌ఈసీకి (ఇప్పటి ఎన్‌ఐటీ) నెహ్రూ శంకుస్థాపన చేసిన ఏడాదే. పొడవు 52 కాలిబర్లు, అంటే దాదాపు ఐదున్నర మీటర్లు. బరువు 1.3 టన్నుల దగ్గర. లోపల గుండును తిప్పే 28 గాడులు (వీటినే రైఫ్లింగ్ అంటారు) కుడి చేతి మెలికతో ఉంటాయి, ప్రతి 18 కాలిబర్లకు, అంటే 1.89 మీటర్లకు, ఒక చుట్టు. కవచాన్ని ఛేదించే ఏపీడీఎస్ గుండు సెకనుకు 1,478 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. లెక్క కడితే ఆ క్షణంలో గుండు సెకనుకు 780 చుట్లు తిరుగుతూ ఉంటుంది. పీడనం 4,000 బార్ అనుకుంటే బోర్ వైశాల్యం మీదే బ్రీచ్‌పై పడే బలం 350 టన్నుల చిల్లర. ఛాంబర్ బోర్ కన్నా లావు కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే. ఈ అంకెను మనసులో పెట్టుకుని కింది భాగం చదువు.

దీన్ని తీసుకున్న దేశాలు చేసిన మార్పులు చూడు. అమెరికా ఎం68లో ట్యూబ్ ఎల్7 ట్యూబ్‌తో మార్చుకోగలిగినదే. బ్రీచ్ మాత్రం వేరు. బ్రిటిష్ గన్‌లో బ్రీచ్ బ్లాక్ పక్కకు జరుగుతుంది, ఎం68లో కిందికి దిగుతుంది. రికాయిల్ మెకానిజం కూడా బ్యారెల్ చుట్టూ ఉండే వేరే రకం. జర్మన్ లియోపర్డ్ 1 టరెట్‌లో గన్ పూర్తిగా కిందికి వంగాలంటే వెనకవైపు బ్రీచ్ పైకప్పుకు తగిలేది. అందుకే బ్రీచ్ పై మూలను తీసేసి ఎల్7ఏ3 చేశారు. స్వీడన్ వాళ్ల స్ట్రిడ్స్‌వాగన్ 103కు టరెట్టే లేదు, గన్ హల్‌కే బిగించి ఉంటుంది. కాబట్టి బోఫోర్స్ వాళ్లు పొడవును 62 కాలిబర్లకు, అంటే మీటరు పైగా పెంచగలిగారు. గుండు మాత్రం అదే 105 మి.మీ.ది. స్విట్జర్లాండ్ పాంజర్ 61, 68 ట్యాంకుల మీద, జపాన్ టైప్ 74 మీద ఉన్నవీ ఈ కుటుంబానివే. జపాన్ గన్ చేసింది జపాన్ స్టీల్ వర్క్స్. మన దగ్గరైతే విజయంతతో ఆగలేదు. రష్యన్ టి-55ల 100 మి.మీ. గన్ తీసేసి చాలావాటికి 105 మి.మీ. పెట్టుకున్నాం. అలా రెండు వేర్వేరు దేశాల ట్యాంకులు ఒకే గుండు పేల్చాయి.

మొదటి స్నేహితుడి మాటకు ఇప్పుడు సమాధానం చెప్తాను. లేత్ పెద్దదైతే చాలదు. ఎందుకో పని వరసలో చూడు.

మొదట స్టీలు. గన్ స్టీలు నికెల్, క్రోమియం, మాలిబ్డినం, వనాడియం కలిసిన మిశ్రమం. కార్బన్ 0.3 శాతం చుట్టూ, నికెల్ 2 నుంచి 3 శాతం, క్రోమియం 1 శాతం దగ్గర, మాలిబ్డినం అర శాతం, వనాడియం 0.1 శాతం. ఈ కాంబినేషన్ పుస్తకాల్లో ఎవరికైనా దొరుకుతుంది. దొరకనిది శుభ్రత. గంధకం, భాస్వరం వీలైనంత తగ్గాలి. కరిగిన స్టీలులోంచి హైడ్రోజన్‌ను వాక్యూమ్‌లో లాగేసి పది లక్షల్లో రెండు భాగాల లోపుకు తేవాలి. హైడ్రోజన్ మిగిలితే ఫోర్జింగ్ చల్లారాక రోజుల తర్వాత లోపల వెంట్రుక వాసి పగుళ్లు పుడతాయి. వీటిని ఫ్లేక్స్ అంటారు, పైకి కనబడవు. అల్ట్రాసోనిక్ పరీక్షలోనే దొరుకుతాయి. కాజీపేట లోకో షెడ్‌లో యాక్సిల్‌కు చేసే పరీక్ష లాంటిదే ఇదీ, ఒప్పుకునే లోపం పరిమాణం మాత్రం ఇంకా చిన్నది. ఫోర్జింగ్ చల్లారిన వెంటనే పరీక్ష చేసి పాస్ చేస్తే తప్పు. కొన్ని రోజులు ఆగాక చేయాలి.

ఫోర్జింగ్ అయ్యాక క్వెంచింగ్ (కాల్చి ఒక్కసారిగా చల్లార్చడం), టెంపరింగ్ (మళ్లీ కొంత వేడి చేసి పెళుసుదనం తగ్గించడం). పొడవైన జాబ్‌ను అడ్డంగా పెట్టి వేడి చేస్తే తన బరువుకే వంగుతుంది. అందుకే నిలువు ఫర్నేస్‌లో వేలాడదీస్తారు. టెంపరింగ్ తర్వాత 575 నుంచి 375 డిగ్రీల మధ్య నెమ్మదిగా చల్లారనిస్తే స్టీలు పెళుసెక్కుతుంది. హార్డ్‌నెస్ రీడింగ్ సరిగ్గానే వస్తుంది, దెబ్బ తగిలినప్పుడు మాత్రం విరుగుతుంది. దీన్ని పట్టుకునేది చల్లదనంలో చేసే ఇంపాక్ట్ టెస్ట్ ఒక్కటే. సాధారణంగా మైనస్ 40 డిగ్రీల దగ్గర చేస్తారు. టెస్ట్ పీసులు మజిల్ (గుండు బయటికొచ్చే కొస) వైపు నుంచి, బ్రీచ్ వైపు నుంచి రెండూ తీయాలి, అదీ అడ్డంగా. బ్యారెల్ పగిలేది చుట్టుకొలత దిశలో వచ్చే ఒత్తిడికి కాబట్టి, నిలువుగా కోసిన పీసు అందమైన రీడింగ్ ఇచ్చి మోసం చేస్తుంది. లైసెన్స్ కొత్తగా తీసుకున్న ఫ్యాక్టరీలు ఎక్కువ రిజెక్షన్లు చూసేది ఈ దశలోనే. అందుకే స్టీలు కథ తేలకుండా గన్ కథ మొదలవ్వదు. మన దగ్గర హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో ప్రభుత్వ సంస్థ మిధాని పెట్టడం వెనక ఆలోచన కూడా ప్రత్యేక లోహాలకు బయటి దేశాల మీద ఆధారపడొద్దనే.

తర్వాత బోరింగ్. ఐదు మీటర్ల పైన జాబ్‌కు నడిమధ్యలోంచి రంధ్రం తీయాలి. టూల్ ఒక్కటే తిప్పితే పక్కకు జరుగుతుంది. జాబ్ ఒక దిశలో, టూల్ ఇంకో దిశలో తిప్పితే ఆ జరుగుడు బాగా తగ్గుతుంది. ఆయిల్ ఒత్తిడితో చిప్‌లు బయటికి రావాలి. ఒక్క పొడుగు చిప్ ఇరుక్కుంటే బోర్ గోడ మీద గీత పడుతుంది. బోర్ కాస్త పక్కకు పోయినా బయటి వ్యాసాన్ని దానికి తగ్గట్టు టర్నింగ్ చేసి సరిచేయొచ్చు అనుకుంటారు. మిగిలిన మెటీరియల్ ఉన్నంతవరకే అది కుదురుతుంది. గోడ మందంలో తేడా మిగిలిపోతే ఏమవుతుందంటే, పేలుస్తున్నకొద్దీ పలచని వైపు, మందపు వైపు వేర్వేరుగా వేడెక్కి బ్యారెల్ ఒక పక్కకు వంగుతుంది. మొదటి గుండు టార్గెట్ మీద పడుతుంది, ఐదోది పక్కకు పోతుంది. అప్పుడు గన్నర్ సైట్‌ను అనుమానిస్తాడు. అందుకే ప్రతి అర మీటరుకు నాలుగు వైపులా మందం కొలిచి రికార్డులో రాయాలి.

రామగుండం, భూపాలపల్లి వైపు గనుల యంత్రాల హైడ్రాలిక్ సిలిండర్లు హోనింగ్ చేసేవాళ్లకు బోర్ నునుపు గురించి నేను చెప్పక్కర్లేదు. సిలిండర్‌లో గీత పడితే ఆయిల్ లీకవుతుంది, సీల్ మారిస్తే పనైపోతుంది. ఇక్కడ గీత పడితే అదే పగులుకు మొదలు.

ఆ తర్వాత ఆటోఫ్రెటేజ్. నా లెక్కలో డ్రాయింగ్ మీద ఒక గీతకు కూడా నోచుకోని ఈ పనే మొత్తం గన్‌లో కీలకమైనది. బోర్ కంటే కొంచెం లావైన, చాలా గట్టి దిమ్మను, అంటే మాండ్రెల్‌ను, ప్రెస్‌తో ఒక చివర నుంచి ఇంకో చివరకు నెడతారు, లేదా రెండు చివరలూ మూసి ద్రవంతో విపరీతమైన పీడనం పెడతారు. లోపలి పొర శాశ్వతంగా సాగుతుంది. బయటి పొర మాత్రం వెనక్కి రావాలని చూసి లోపలి పొరను నొక్కి పట్టుకుంటుంది. ఇక గుండు పేలినప్పుడు వచ్చే పీడనం ముందు ఆ నొక్కుడును దాటాలి. అందుకే అదే మందంతో ఎక్కువ పీడనం, ఎక్కువ ఆయుష్షు వస్తాయి. ఇది అయ్యాక 300 డిగ్రీల చుట్టూ కొన్ని గంటలు వేడిలో ఉంచి, ఆ తర్వాత ఫినిష్ బోరింగ్ చేయాలి.

తప్పులు జరిగే చోట్లు మూడు. మాండ్రెల్‌కు లూబ్రికేషన్ తక్కువైతే మధ్యలో పట్టేస్తుంది, ఆ ఫోర్జింగ్ పోయినట్టే. మాండ్రెల్ అరిగిపోయినా అదే సైజని వాడితే సాగుడు తక్కువై లోపలి నొక్కుడు చాలదు, పైకి ఏ తేడా కనబడదు. నెట్టేటప్పుడు ప్రెస్ లోడ్ గ్రాఫ్ తీసి చూస్తేనే తెలుస్తుంది. మూడోది, ఫినిషింగ్‌లో లోపల ఎక్కువ మెటీరియల్ తీసేయడం. కష్టపడి తెచ్చుకున్న నొక్కుడు పొరనే కోసి పారేసినట్టవుతుంది. ముందు బోర్ ఎంత చిన్నగా ఉంచాలి, సాగాక ఎంతవుతుంది, ఫినిష్‌కు ఎంత మిగలాలి అనే లెక్క ప్రతి స్టీలుకూ వేరు. లైసెన్స్ ఇచ్చినవాళ్ల లెక్క వాళ్ల స్టీలుకు సరిపోతుంది, మన స్టీలుకు మనమే ముక్కలు కోసి స్ట్రెయిన్ గేజ్‌లతో తేల్చుకోవాలి.

రైఫ్లింగ్‌లో 28 గాడులు సమాన దూరంలో పడాలి. ఒక్కో ఇండెక్స్‌లో చిన్న తప్పు ఉంటే చివరి గాడి దగ్గర అది మొత్తం పోగవుతుంది. గాడి అడుగు మూలల్లో రేడియస్ తగ్గితే అక్కడి నుంచి పగుళ్లు మొదలవుతాయి. కట్టర్ మొన అరగగానే మార్చమని ఆపరేషన్ షీట్‌లో రాసి ఉంటుంది. టార్గెట్ పూర్తి చేయాలనే తొందరలో దాన్ని పట్టించుకోని రోజున చేసిన బ్యారెల్ సంవత్సరాల తర్వాత తేలుతుంది.

ఛాంబర్‌లో రెండు కొలతలు ప్రాణం. కేసు అంచు ఆనే చోటు లోతు ఒకటి, రైఫ్లింగ్ మొదలయ్యే చోటు ఇంకోటి. కేసు అంచు లోతు ఎక్కువైతే కేసుకూ బ్రీచ్ బ్లాక్‌కూ మధ్య ఖాళీ మిగిలి కేసు వెనక భాగం చీలుతుంది. వేడి గ్యాస్ టరెట్‌లోకి వస్తుంది. తక్కువైతే బ్రీచ్ పూర్తిగా మూసుకోదు, ఎలక్ట్రిక్ ఫైరింగ్ సర్క్యూట్ కలవదు. గోడ మీద టూల్ అదిరిన గుర్తులు ఉంటే పేలాక ఉబ్బిన ఇత్తడి వాటిలోకి పట్టుకుని బయటికి రాదు. ఇలాంటి కేసులు పదే పదే ఇరుక్కుంటుంటే మందుగుండు లాట్‌ను తిట్టుకునే ముందు, బయటికి లాగిన ఖాళీ కేసును వెలుతురులో తిప్పి చూడాలి. కేసు ఒంటి మీద చుట్టూ రింగులు రింగులుగా ఉంటే ఛాంబర్ అదిరిన గుర్తులు. నోటి దగ్గర ఒక పక్క మాత్రమే మసి ఉంటే ఛాంబర్ గుండ్రనం తప్పింది. మెడ చీలి ఉంటే అప్పుడు ఇత్తడిని అనుమానించొచ్చు.

బ్రీచ్ రింగ్ గురించి ఒక్క మాట. ఆ 350 టన్నులు పడేది దీని లోపలి మూలల మీదే. జర్మన్లు మూల తీసేశారు కదా అని ఎవరైనా తన టరెట్‌లో ఇమడలేదని ఇష్టమొచ్చినట్టు కోయడానికి లేదు. ఒత్తిడి లెక్కలన్నీ మళ్లీ కట్టి, ఫెటీగ్ (పదే పదే పడే ఒత్తిడికి లోహం అలసి పగలడం) పరీక్ష పెట్టాకే చేయాలి.

రికాయిల్ దగ్గర గన్ దాదాపు 29 సెంటీమీటర్లు వెనక్కి వచ్చి ఆగి మళ్లీ ముందుకు పోతుంది. ముందుకు పోతున్నప్పుడే కామ్ తిరిగి బ్రీచ్ తెరుచుకుంటుంది, ఖాళీ కేసు బయటపడుతుంది. ఇక్కడ వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కటే: బ్రీచ్ తెరుచుకోవట్లేదు. చాలామంది వెంటనే బ్రీచ్ విప్పుతారు. ముందు చూడాల్సింది రికూపరేటర్ (గన్‌ను తిరిగి ముందుకు నెట్టే భాగం) గ్యాస్ ఒత్తిడి. అది తగ్గితే గన్ ముందుకు నెమ్మదిగా పోతుంది, కామ్‌కు సరిపడా ఊపు అందదు. తర్వాత బఫర్ (వెనక్కి వచ్చే ఊపును ఆపే భాగం) ఆయిల్ మట్టం, ఆ తర్వాత క్రేడిల్ లోపల గ్రీజు. చలికాలం పొద్దున మాత్రమే ఈ సమస్య వస్తే అది గ్రీజుది. రోజంతా వస్తే గ్యాస్‌ది. బ్రీచ్ విప్పడం ఆఖరి పని.

ఇంకో చిక్కు అంగుళాలది. బ్రిటిష్, అమెరికన్ డ్రాయింగ్‌లు అంగుళాల్లో, మన వర్క్‌షాపులు మిల్లీమీటర్లలో. 0.002 అంగుళం టాలరెన్స్ అంటే 0.0508 మి.మీ. దాన్ని 0.05 అని రాస్తే గన్‌కు నష్టం లేదు, ఫ్యాక్టరీకి కొంచెం రిజెక్షన్ పెరుగుతుంది. 0.06 అని రాస్తే నష్టం గన్‌కు. పైకి సర్దడం ఎప్పుడూ చేయొద్దు. పాత విట్‌వర్త్ త్రెడ్‌లది 55 డిగ్రీల కోణం, మెట్రిక్‌ది 60. దగ్గరి సైజు కదా అని ఒకదానిలో ఇంకోటి బిగిస్తే రెండు చుట్లు ఎక్కి పట్టుకుంటుంది, చేతికి గట్టిగా అనిపిస్తుంది, అదురుడుకు ఊడుతుంది. ప్రొజెక్షన్ కూడా చూసుకోవాలి. బ్రిటిష్ వాళ్లది ఫస్ట్ యాంగిల్, అమెరికన్లది థర్డ్ యాంగిల్. డ్రాయింగ్ హాల్లో విసుగనిపించే ఆ పాఠం ఇక్కడ కుడి చేతి భాగాన్ని ఎడమ చేతిది కాకుండా కాపాడుతుంది.

చివరికి ప్రూఫ్. మామూలు గుండ్లతో మొదలుపెట్టి, మామూలు కన్నా ఎక్కువ పీడనం ఇచ్చే ప్రూఫ్ గుండు పేలుస్తారు. ముందూ తర్వాతా బోర్ వ్యాసం కొలుస్తారు, మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష చేస్తారు, బోర్‌స్కోప్‌తో లోపల చూస్తారు. వ్యాసం శాశ్వతంగా పెరిగితే ఆటోఫ్రెటేజ్ చాలలేదన్నమాట, బ్యారెల్ పక్కకు పోవాల్సిందే. 2022 అక్టోబర్‌లో ఝాన్సీ దగ్గర బబీనా రేంజ్‌లో టి-90 బ్యారెల్ పేలి ఇద్దరు సైనికులు చనిపోయారు. బ్యారెల్ పేలడానికి లోపల అడ్డం ఉండటం, ఫెటీగ్ పగులు, గుండులో లోపం ఏదైనా కారణం కావచ్చు. పైనుంచి చూసి చెప్పడానికి ఉండదు. తనిఖీ చేసే మనిషి సంతకానికి ఎంత బరువుందో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

సర్వీసులోకి వెళ్లాక రెండు లెక్కలు సమాంతరంగా నడుస్తాయి: అరుగుదల, ఫెటీగ్. అరుగుదల ఎక్కువ రైఫ్లింగ్ మొదలయ్యే చోటే. వేగంగా పోయే ఏపీడీఎస్ గుండు పూర్తి ఛార్జ్‌గా లెక్క, హెష్ (కవచానికి అతుక్కుని పేలేది) లాంటి నెమ్మది గుండు అందులో చిన్న భిన్నం. లాగ్ బుక్‌లో ఏ రకం ఎన్ని అని విడిగా రాయకుండా మొత్తం సంఖ్య రాస్తే ఆ లెక్క పనికిరాదు. గుండులో మందు చుట్టూ టైటానియం డయాక్సైడ్, మైనం కలిపిన పొర పెట్టడం మొదలయ్యాక అరుగుదల బాగా తగ్గింది. దాంతో కొన్ని బ్యారెల్‌లు అరగకముందే ఫెటీగ్ పరిమితి చేరుతున్నాయి. బోర్ గేజ్ పెట్టి "ఇంకా బాగుంది" అనుకుని కొనసాగించడం ప్రమాదకరం అందుకే. రెండు లెక్కల్లో ఏది ముందు అయిపోతే అప్పుడే బ్యారెల్ దింపాలి.

120 మి.మీ. తరం గురించి క్లుప్తంగా. అమెరికా ఎం1ఏ1 ట్యాంకు 1985 నుంచి వాడుతున్న ఎం256 జర్మన్ రైన్‌మెటాల్ గన్‌కు లైసెన్స్ రూపం, చేసేది వాటర్‌వ్లీట్ ఆర్సెనల్. ట్యూబ్, ఛాంబర్ జర్మన్ వాళ్లవే, క్రేడిల్, రికాయిల్ సొంతంగా మార్చుకున్నారు. జపాన్ టైప్ 90 మీది కూడా అదే జర్మన్ గన్, చేసింది జపాన్ స్టీల్ వర్క్స్. ఎల్7 విషయంలో జరిగిందే మళ్లీ జరిగింది. వీటికి రైఫ్లింగ్ లేదు, బోర్‌కు క్రోమ్ పూత ఉంటుంది. ఆ పూత అతుక్కునేట్టు చేయడం మరో పెద్ద పని, దాన్ని ఇందులో ఇరికించను.

ఇక గుర్తుపట్టడం. ఎక్కడైనా ప్రదర్శనకు పెట్టిన టి-55 కనబడితే ముందు బ్యారెల్ మీదున్న ఉబ్బు డబ్బా, అంటే పొగ లాగే ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ ఎక్కడుందో చూడు. మజిల్ కొసన ఉంటే అది అసలు 100 మి.మీ. గన్. బ్యారెల్ నడిమిట్ల ఉంటే మనవాళ్లు మార్చిన 105. ఎల్7కూ ఎం68కూ తేడా బయటి నుంచి కష్టం. ఎం68 ఎక్స్‌ట్రాక్టర్ బ్యారెల్ మధ్యరేఖకు సమానంగా ఉండక పైకి జరిగి ఉంటుంది, కానీ అది విప్పి మార్చగలిగే భాగం కాబట్టి దానొక్కదాన్నే నమ్మొద్దు. టరెట్ లోపలికి చూసే వీలుంటే బ్రీచ్ చూడు. బ్లాక్ పక్కకు జరిగేట్టుంటే బ్రిటిష్ పద్ధతి, కిందికి దిగేట్టుంటే అమెరికన్. బ్రీచ్ రింగ్ మీద, బ్యారెల్ వెనక కొస మీద గుద్దిన నంబర్లు, తయారీ గుర్తు ఉంటాయి. రంగు పొరల కింద ఉంటే బట్టతో తుడిచి పక్క నుంచి టార్చ్ వేస్తే నీడల్లో అక్షరాలు తేలతాయి, గీకొద్దు. బ్రీచ్ మీది నంబరు, బ్యారెల్ మీది నంబరు వేర్వేరుగా ఉంటే కంగారు పడకు. అరిగిన బ్యారెల్ తీసి కొత్తది వేశారని మాత్రమే దానర్థం, బ్రీచ్ బ్రిటన్‌ది, బ్యారెల్ మన కాన్పూర్ ఫ్యాక్టరీది అయినా ఆశ్చర్యం లేదు.